మూడు మడతల గౌను

కుట్టు మిషన్ పక్క నుంచి,
జూన్, మొదటి ఆదివారం

చెల్లీ,

ఈ రోజుల్లో కూడా ఉత్తరాలు రాయించుకునే ఘనత నీకూ నీ మొగుడికే దక్కింది. ఫోన్ తీయించేశారటగా! "మాట్లాడుకోవడానికి నెలనెలా డబ్బు కట్టడమేంటి వదినా" అని మా మరిదిగారు సెలవిచ్చారు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, ఏది ఎక్కడ ఆపాలో బాగా తెలుసు. ఇక ఊపిరి పీల్చడానికి కూడా బిల్లు వస్తే ఏం చేస్తారో చూడాలని ఉంది.

మీ బావ పార్సిల్ వ్యాను ఎలాగూ పదిహేను రోజులకోసారి మీ వీధిలోంచే పోతుంది. మీ మెట్ల కింద గడియారాలు బాగుచేసే ముసలాయన దగ్గర ఈ మూట పెట్టి వస్తారు. పోస్టు ఖర్చు కూడా మిగిలింది, పండగ చేసుకోండి.

మూటలో నీలం గౌను చూడు. మా పెద్దదానికి పొట్టయింది. నీ పిట్టకి సరిపోయేలా తగ్గించి, అంచు లోపల మూడు మడతలు వేశాను. ఒక్కో మడత వేలెడు వెడల్పు. పిల్ల పొడుగైనప్పుడల్లా తెల్లదారం కొస పట్టుకుని లాగు, ఒక మడత ఊడొస్తుంది. ఏడాదిలో మూడూ అయిపోతాయి. బడి యూనిఫారాలకి కూడా ఇలాగే వేస్తుంటే తల్లులు నన్ను పొగుడుతున్నారు, మా దుకాణం ఓనరు మాత్రం పళ్లు నూరుతున్నాడు. పిట్టకి పొట్టయ్యాక మా బొండానికి పంపించెయ్యి.

మొన్న మీ గది చూసి వచ్చినప్పటి నుంచీ నవ్వు ఆగట్లేదే. బీరువాకీ గోడకీ మధ్య పిల్లని పడుకోబెట్టారు. ఇంకాస్త పెరిగితే దాని కాళ్లు గోడకి తగులుతాయి. అప్పుడేం చేస్తారు, గోడకి కన్నం పెడతారా? నలుగురిలో అన్నానని మొహం మాడ్చుకున్నావు గానీ, ఉన్న మాటే అన్నాను.

అక్క


మూడో అంతస్తు, వెనక గది,
ఆగస్టు

అక్కా,

మూట అందింది. నీ ఎగతాళి కూడా ఎక్కడా నలగకుండా అందింది.

గౌను బాగుంది. పిట్టకి కొంచెం వదులు. వదులైతేనేం, పెరిగే పిల్ల.

ఉన్న మాటే అన్నావా? అయితే నేనూ అంటాను. మీ ఇంటికి వచ్చినప్పుడు బొండం చేతిలో సగం కొరికిన బిస్కెట్లు మూడు, సోఫా కింద ఇంకో రెండు. మొరిగే కుక్కబొమ్మ గొంతు పోయి మూలన పడుంది, దాని పక్కనే దాని తమ్ముడు, కొత్తగా కొన్నది. బావ జీతం పదో తారీకుకి ఆవిరి. ఇరవయ్యో తారీకుకి నువ్వు గల్లాపెట్టె దులుపుతావు. ఇల్లు మీదైనంత మాత్రాన బుద్ధి ఉన్నట్టు కాదు. ఆ ఇల్లు బావకి వాళ్ల నాన్న ఇచ్చింది.

మేం ఎవరు ఇచ్చిందీ తీసుకోలేదు. ఊరి చివర కొత్తగా కడుతున్న వాటిలో రెండు గదుల ఇల్లు చూశాం. వచ్చే జూలైలోగా మొదటి వాయిదా కట్టాలి. కట్టి తీరతాం. అరిగిపోయిన సబ్బుముక్కలన్నీ నొక్కి ఒక కొత్త సబ్బు చేస్తున్నాను. ఒక దీపం వెలిగితే ఇంకోటి ఆరాలి. పాలు పిట్ట తమ్ముడికి మాత్రమే, వాడింకా చంటోడు. పిట్టకి ఆరో ఏడు నడుస్తోంది, దానికింకా పాలెందుకు? గుడ్లు వారానికి ఒకటి, ఉడకబెట్టి దారంతో నాలుగు ముక్కలు కోస్తాను. కత్తితో కోస్తే పచ్చసొన అంటుకుని వృథా.

నవ్వుకో. నీ నవ్వు మీదే ఇటుకలు పేర్చి ఇల్లు కడతాను.

చెల్లి


కుట్టు దుకాణం,
అక్టోబరు

ఓ మహాతల్లీ,

దారంతో గుడ్డు కోస్తున్నావా! నీ ఉత్తరం మధ్యాహ్నం దుకాణంలో బయటికి చదివాను. గుండీలు కుట్టే ఆవిడ నవ్వు ఆపుకోలేక వేలికి సూది గుచ్చుకుంది. "మీ చెల్లెలు ఆ సబ్బుముక్కల సబ్బు మీద కంపెనీ పేరు కూడా చెక్కుతుందా?" అని అడిగింది. అడిగి చెప్తానన్నాను.

నాకు తెలుసులేవే నీ సంగతి. చిన్నప్పుడు గల్లాపెట్టెలో చిల్లర వేసి, మూడో రోజుకి జడపిన్నుతో తీసేదానివి. నువ్వూ నీ ఇల్లూ! ఆరు నెలలు కూడా నిలబడలేవు. పందెం కాస్తావా? జూలైలోగా మొదటి వాయిదా కడితే నా కత్తెర నీకిచ్చేస్తాను. ఎవర్నీ ముట్టుకోనివ్వని కత్తెర. మీ బావ ఒకసారి దానితో కాగితం కోశారని రెండు రోజులు మాట్లాడలేదు నేను. ఓడిపోతే మాత్రం, మా ఇంటికొచ్చి నా పిల్లలతో కూర్చుని పళ్లెం నిండా బిస్కెట్లు తినాలి, అది కూడా నవ్వుతూ.

పిట్ట ఎలా ఉంది? ఇంకా పిట్టలాగే కొరుకుతోందా?

అక్క


మూడో అంతస్తు,
జనవరి

అక్కా,

నీ కత్తెరకి నూనె రాసి పెట్టు. సగం దాటాం.

ఆరు నెలలు నిలబడలేనన్నావు, నిలబడ్డాను. మా ఆయన ఇప్పుడు బస్సెక్కడం మానేసి నడుస్తున్నారు. పైగా అదొక షోకు! పొద్దున్నే నడిచి పోతూ, బస్సులో ఉన్న పై మేస్త్రీకి చెయ్యి ఊపుతారు. నేను స్టేషనరీ కొట్లో పొద్దుటి పూటే చేసేదాన్ని, ఇప్పుడు సాయంత్రం కూడా ఒప్పుకున్నాను.

పిట్ట సంగతి అడిగావు. ఎప్పటిలాగే రెండు ముద్దలకే చాలంటుంది. దాని పుణ్యమా అని మాకు ఖర్చు లేదు. బడిలో టీచరు పిలిచి చెప్పింది, ఆటల పీరియడ్‌లో ఒక పక్కన కూర్చుంటుందట, ఒక్కోసారి బల్ల మీద తల పెట్టి నిద్రపోతుందట. మీ పెద్దదానిలా బెంచీలెక్కి దూకట్లేదు కదా, సంతోషించాను. చెప్పులు కూడా అరగట్లేదు. పిల్లల్ని ఎలా పెంచాలో వచ్చి నేర్చుకో.

అన్నట్టు, గోడకి ఇంకా కన్నం పెట్టలేదు. కాళ్లకీ గోడకీ మధ్య రెండు వేళ్ల సందు అలాగే ఉంది.

చెల్లి


కుట్టు దుకాణం,
మార్చి

చెల్లీ,

యూనిఫారాల రోజులు. తల ఎత్తే తీరిక లేదు. అయినా నీ గొప్పలు చదివి ఒళ్లు మండి నాలుగు ముక్కలు రాస్తున్నాను. నీ పిల్లకి చెప్పులు అరగకపోవడం నీ పెంపకమా? అలాగైతే మా గోడకున్న క్యాలెండరుకి కూడా చెప్పులు తొడిగితే అరగవు.

నువ్వు నిలబడ్డావని మీ బావతో అంటే, "నీ నోటికి భయపడి నిలబడింది" అన్నారు. మగవాళ్లకేం తెలుసు.

అక్క


మూడో అంతస్తు,
జూన్ చివర

అక్కా,

గెలిచాను! వచ్చే నెల పదిహేనుకి వాయిదా. డబ్బు మొత్తం చేతికొచ్చింది. కత్తెర తీసుకురా, లేదంటే బావ వ్యానులో పెట్టు.

ఈ మూటలో నీలం గౌను పంపుతున్నాను. మెడ దగ్గర హుక్కు ఊడింది, బయట వేయిస్తే డబ్బులడుగుతారు, నువ్వైతే ఊరికే వేస్తావు. వేసి వెంటనే పంపు, బొండానికి తొడిగేయకు, ఇది ఇంకా పిట్టకే కావాలి. అంచు తిప్పి చూడు. నువ్వు వేసిన మూడు మడతలూ అలాగే ఉన్నాయి. ఏడాది దాటింది, ఒక్కటీ విప్పాల్సిన పని పడలేదు! ఏడాదికే మూడూ అయిపోతాయన్నావుగా? నా చేతిలో పడితే నీ కుట్టు కూడా పొదుపు నేర్చుకుంది. ఈ లెక్కన ఇంకో రెండేళ్లు పిట్టకి కొత్త గౌను అక్కర్లేదు.

ఇప్పుడు చెప్పు, ఎవరు గొప్ప?

చెల్లి


కుట్టు దుకాణం,
జూలై, మూడో తారీకు

చెల్లీ,

స్టాంపు అంటించి పంపుతున్నాను. వ్యాను కోసం ఆగలేను. తిట్టుకోకు.

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. తర్వాత గౌను అంచు తిప్పాను. అప్పుడు మిషన్ ఆపేసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇరవై ఏళ్లుగా పిల్లల బట్టలు కుడుతున్నాను. మడత విప్పితే ఆ చోట రంగు వెలవకుండా కొత్తగా పట్టీలా కనిపిస్తుంది. నీ గౌనులో ఆ పట్టీ ఎక్కడా లేదు. మూడూ నేను వేసినవే, అదే తెల్లదారం. నువ్వు దీన్ని పొదుపనుకున్నావు. చెల్లీ, ఇది గౌను గొప్పతనం కాదు. పిల్ల పెరగట్లేదు. ఏడాదిలో వేలెడు కూడా పెరగలేదు. పైగా నడుం దగ్గర నువ్వు ఒక కుట్టు లోపలికి వేశావు. అంటే సన్నబడింది కూడా. నువ్వు కుట్టింది నాకు తెలియదనుకున్నావా? నీ కుట్టు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

వాయిదా గియిదా పక్కన పెట్టు. డాక్టరుకి చూపించు. ముందు ఒక పని చెయ్యి. పిట్టని గోడకి నిలబెట్టి, తల నుంచి మడమ దాకా దారం పట్టి కోసి, ఆ దారం నాకు పంపు.

అక్క


మూడో అంతస్తు,
జూలై, ఏడో తారీకు

అక్కా,

పందెం ఓడిపోయావని ఇంత దిగజారుతావనుకోలేదు.

నా పిల్ల పెరగట్లేదా? నా పిల్ల సన్నం, వాళ్ల నాన్నలాగా. మీ పిల్లలు పీపాల్లా ఉన్నారని అందరి పిల్లలూ పీపాల్లా ఉండాలా? తిండి పెట్టకుండా మాడ్చానంటావు, అంతేగా! ఆ ముక్క నోటితోనే అను, గౌను అంచు మీద రాయకు.

ఇదంతా ఎందుకు మొదలైందో తెలుసా నీకు? నువ్వన్న ఒక్క మాటకి. "కాళ్లు గోడకి తగిలితే గోడకి కన్నం పెడతారా" అన్నావు. బావ ముందు, ఈయన ముందు, పక్కింటివాళ్ల ముందు. నువ్వు నవ్వుకుని బస్సెక్కిపోయావు. ఈయన ఆ పూట అన్నం కలిపి వదిలేశారు. మర్నాడే ఫోన్ తీయించారు. ఏడాదిగా ఈ ఇంట్లో ఆ మాటే తిన్నాం, ఆ మాటే తాగాం. ఇప్పుడొచ్చి డాక్టరంటావా?

హుక్కు వేసి గౌను పంపు. నువ్వు మాత్రం మా గుమ్మం తొక్కకు.

నీ చెల్లెలు


కుట్టు దుకాణం,
జూలై, తొమ్మిది

చెల్లీ,

అన్నాను. నా నోరే. మీ బావ చెప్పినా నేను వినలేదు. తలెత్తుకోలేకపోతున్నాను. చెప్పుతో కొట్టు, పడతాను.

గుమ్మం తొక్కను. కానీ దారం పంపు. కవర్లో దారం ఉండ పెట్టాను. స్టాంపు అంటించిన కవరు కూడా పెట్టాను, నీకు ఖర్చు లేదు.

అక్క


జూలై పన్నెండు

ఇదిగో దారం. చల్లబడ్డావా?


కుట్టు మిషన్ పక్క నుంచి,
జూలై, పద్నాలుగు

చెల్లీ,

పోస్టులో వేస్తే రేపటికి అందదని, పని మాన్పించి మీ బావని ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. చదివేదాకా కదలొద్దన్నాను.

దారం మా బొండం పక్కన పట్టాను. బొండానికి మొన్నే నాలుగు నిండాయి. నీ పిట్టకి ఆరు దాటి నాలుగు నెలలు. నీ దారం బొండం కనుబొమల దగ్గర ఆగిపోయింది. తప్పు పట్టానేమోనని మూడుసార్లు పట్టాను. బొండం "నేను అక్కకన్నా పెద్ద" అని గంతులేసింది. నేను దారం మడిచిపెట్టి కాగితం తీశాను.

రేపు పదిహేను. మీరిద్దరూ ఆ ఇంటి వాయిదా కట్టడానికి వెళ్తారు. వెళ్లకండి. డాక్టరు దగ్గరికి వెళ్లండి. నీ కాళ్లు పట్టుకుంటాను.

అక్క


పిల్లల ఆసుపత్రి, వరండాలో బల్ల మీద,
జూలై, పదహారు

అక్కా,

బావ మెట్ల మీద కూర్చుని వెళ్లనంటే వెళ్లనన్నారు. నీ ఉత్తరం చదివి ఈయన చేతికిచ్చాను. చదివారు. "వాయిదా కట్టి, ఆ పక్కనుంచి వెళ్దాం" అన్నారు. పిట్ట అప్పుడు నీ దారం ముక్కతో ఆడుకుంటోంది, మిగిలిన ముక్క. దాన్ని తలకి చుట్టుకుని "నేను ఇంతే ఉన్నానా నాన్నా?" అంది. ఈయన లేచారు. చొక్కా వేసుకున్నారు.

డాక్టరమ్మ పిట్ట కనురెప్ప కిందికి లాగి చూసింది. రక్తం తక్కువట, కడుపులో పురుగులట, తిండి చాలట్లేదట. "రోజూ పాలెన్ని తాగుతుంది?" అని అడిగింది. ఈయన జేబులోంచి ఇంటి ఖర్చులు రాసుకునే పుస్తకం తీశారు. ఏడాదిది మొత్తం ఉంది అందులో. ఆవిడ తీసుకుని పేజీలు తిప్పింది. "గుడ్డు, నాలుగో వంతు" అని చదివింది. ఇంకో పేజీ తిప్పింది. మళ్లీ అదే. "ఇంత పద్ధతిగా రాసేవాళ్లని నేనెప్పుడూ చూడలేదు. ఈ పుస్తకమే మీ పాప జబ్బు" అంది. పుస్తకం ఈయన చేతిలో పెట్టింది. నాకు తల తీసేసినట్టయింది. ఆయన మొహం నేను చూడలేకపోయాను.

రెండు రోజులు ఇక్కడే ఉంచమంది, మందు రాసింది, తిండి రాసింది. ఇంకా పెరిగే వయసేనట, సరిగ్గా పెడితే అందుకుంటుందట. ఎంత అందుకుంటుందని అడిగాను. "అది నేను ఇప్పుడే చెప్పలేను" అంది. అక్కా, నేను చెప్పులు అరగట్లేదని గొప్పలు రాశాను నీకు. బల్ల మీద నిద్రపోతే బుద్ధిమంతురాలనుకున్నాను. దాని ఆకలి చచ్చిపోతుంటే, నాకు మిగులుతోందనుకున్నాను.

గడువు నిన్నటితో అయిపోయింది. ఇల్లు వేరేవాళ్లకి వెళ్లిపోయింది. ఈయన ఆ డబ్బులోంచి గుడ్లు కొనడానికి వెళ్లారు. రెండు డజన్లు తెచ్చారు, ఈ ఆసుపత్రిలోకి! ఎక్కడ ఉడకబెట్టాలో తెలియక అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని నా పక్కనే కూర్చున్నారు.

చెల్లి


కుట్టు దుకాణం,
ఆగస్టు

చెల్లీ,

ఆసుపత్రిలోకి రెండు డజన్ల పచ్చిగుడ్లు తెచ్చాడా! ఈ ముక్క దుకాణంలో చదవలేదు. నాలోనే నవ్వుకుని, నాలోనే ఏడ్చాను. మా మరిదికి దాచడం తెలిసినంతగా ఖర్చుపెట్టడం తెలియదు. నన్నడిగితే నేర్పుతాను, అందులో నన్ను మించినవాళ్లు లేరు. పదో తారీకుకల్లా ఆవిరి చేసి చూపిస్తాను.

గౌను పంపుతున్నాను. హుక్కు వేశాను. నడుం దగ్గర నువ్వు లోపలికి వేసిన కుట్టు ఊడదీశాను. అలాంటి కుట్టు నా కళ్లకి ఇంకోసారి కనపడిందో, చంపేస్తాను. మడతలు మాత్రం అలాగే ఉంచాను.

మూటలో అడుగున కత్తెర ఉంది. పందెంలో నువ్వు ఓడావు, అయినా పంపాను. ఎందుకంటే నేనూ ఓడాను. మడత విప్పే రోజు వస్తే దారం దాంతోనే కొయ్యి. కాగితం కోశావంటే మాత్రం చెల్లెలివని కూడా చూడను. నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంటున్నాను. ఇంకా రాలేదు.

అక్క


మూడో అంతస్తు, వెనక గది,
ఫిబ్రవరి

అక్కా,

ఐదు నెలలు ఉలుకూ పలుకూ లేదని బావతో కబురంపావు. రాయడానికి ఏదైనా ఉంటే రాద్దామనుకున్నాను. ఇప్పుడుంది.

మొదటి మడత డిసెంబరులో కోశాను. చెప్పలేదు నీకు. ఒక్కటేగా, నువ్వు మళ్లీ ఏదో ఒకటి అంటావని. నిన్న రెండోది కోశాను. నువ్వు రాసినట్టే లోపల పట్టీ కొత్తగా, ముదురు నీలంగా ఉంది. పిట్ట దాన్ని వేలితో తడిమి "ఇది ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుంది?" అంది. నీ కత్తెర బాగా తెగుతుంది. కాగితం కొయ్యలేదు. ఈయన మాత్రం మందు పొట్లం ఒకటి కోశారు, నేను చూడనట్టు ఊరుకున్నాను.

మళ్లీ దాస్తున్నాం. కానీ మెల్లగా. ఈయన పుస్తకంలో గుడ్ల పేజీ చించేశారు, పాల పేజీ కూడా. రోజూ పొద్దున పిట్టకి పాలగ్లాసు ఇచ్చి, అది తాగేదాకా గుమ్మంలో నిలబడతారు. బస్సు తప్పిపోతుందంటే వినరు. ఆ బస్సు ఎక్కడం కూడా మళ్లీ మొదలుపెట్టారు. బస్సు తప్పిన రోజు పై మేస్త్రీ కిటికీలోంచి ఈయనకి చెయ్యి ఊపుతున్నాడట.

పిట్ట టీచరు నిన్న మళ్లీ పిలిపించింది. బెంచీలెక్కి దూకుతోందట. నేను మొహం గంభీరంగా పెట్టుకుని "మందలిస్తానండీ" అన్నాను. బయటికొచ్చి గేటు పట్టుకుని నవ్వుకున్నాను.

ఇంక అసలు సంగతి. ఈ ఆదివారం మధ్యాహ్నం పిట్ట ఎప్పటిలాగే బీరువాకి తల ఆనించి పడుకుంది. నేను బట్టలు మడతపెడుతున్నాను. ఉన్నట్టుండి ధబ్‌మని చప్పుడు. చూస్తే నిద్రలో కాళ్లు బారజాపింది. రెండు పాదాలూ గోడని తన్నాయి. ఈయన పెన్సిల్ పట్టుకుని పరుగెత్తుకొచ్చి, ఆ పాదాలు తగిలిన చోట గోడ మీద గీత గీశారు. అద్దె గోడ! ఇంటాయన చూస్తే సున్నం డబ్బులు అడుగుతాడన్నాను. "అడగనీ" అన్నారు.

నువ్వన్నట్టే కాళ్లు గోడకి తగిలాయి అక్కా. కన్నం ఎక్కడ పెట్టాలో నువ్వే వచ్చి చూపించు.

చెల్లి